ఎల్‌ఎల్ 45, పీఎల్ 21: మట్టి పరీక్ష రిపోర్టులో ఎవరూ చదవని గడులు

తిరుపతిలో ఇల్లు కట్టబోయేవాళ్లు చాలామంది ఇప్పుడు మట్టి పరీక్ష చేయిస్తున్నారు. మంచి మార్పే. అయితే రిపోర్టు చేతికి రాగానే అందరి చూపూ ఒకే అంకె మీద పడుతుంది: ఈ నేల చదరపు మీటరుకు ఎన్ని టన్నులు మోస్తుంది? ఆ అంకె బాగుంటే కాగితం బీరువాలోకి వెళ్లిపోతుంది. అదే రిపోర్టు పట్టికలో ఎల్‌ఎల్, పీఎల్, పీఐ అని మూడు గడులు ఉంటాయి. లిక్విడ్ లిమిట్, ప్లాస్టిక్ లిమిట్, ప్లాస్టిసిటీ ఇండెక్స్. వాటిని ఇంటివాళ్లు చదవరు, మేస్త్రీ చదవడు, కొన్నిచోట్ల ఇంజనీరు కూడా పైపైన చూసి వదిలేస్తాడు. నాలుగైదేళ్లకు కిటికీ మూల నుంచి ఏటవాలుగా గోడ పగిలినప్పుడు అందరూ సిమెంటును తిడతారు. ఆ పగులు గురించి ముందే హెచ్చరించగలిగినవి ఆ మూడు గడులే. అవి ఎలా పుడతాయో తెలిస్తే వాటిని ఎంతవరకు నమ్మాలో, ఎక్కడ ప్రశ్నించాలో తెలుస్తుంది.

ఇసుకకు నీళ్లు కలిపినా అది ఇసుకలాగే ఉంటుంది. బంకమట్టి అలా కాదు. ఎండిన గడ్డను సుత్తితో కొట్టాలి. కొంచెం తడిస్తే నొక్కగానే విరుగుతుంది. ఇంకొంచెం తడిస్తే వేళ్ల మధ్య ఏ రూపం కావాలంటే ఆ రూపానికి వస్తుంది. మరీ ఎక్కువైతే బురదై పారుతుంది. మట్టి అదే, మారింది నీటి శాతం మాత్రమే. ఇక్కడ నీటి శాతం అంటే పొడి మట్టి బరువుతో పోల్చిన నీటి బరువు. అందుకే కొన్ని బంకమట్టుల్లో అది వంద దాటినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

నొక్కితే విరిగే మట్టి, కోరిన రూపానికి వచ్చే ముద్దగా మారే చోటి నీటి శాతం ప్లాస్టిక్ లిమిట్. ఆ ముద్ద బురదగా మారే చోటిది లిక్విడ్ లిమిట్. రెంటి మధ్య తేడా పీఐ. మార్పుల మధ్య ఇలా గీతలు గీయవచ్చని మొదట చెప్పినవాడు ఆల్బర్ట్ అటర్‌బర్గ్. స్వీడన్‌కు చెందిన రసాయన శాస్త్రవేత్త. వ్యవసాయ నేలలను వర్గీకరించే ప్రయత్నంలో 1911లో ఈ ఆలోచన ప్రచురించాడు. ఆయన పద్ధతి చాలా సాదా: గిన్నెలో మట్టి ముద్ద వేసి, మధ్యలో గాడి తీసి, గిన్నెను చేత్తో తట్టి గాడి పూడుతుందా అని చూడడం. చేతి బలం మనిషి మనిషికీ మారుతుంది కదా. ఆ లోపాన్ని దిద్దినవాడు ఆర్థర్ కాసగ్రాండే. గిన్నెను ఒక యంత్రానికి బిగించి, ప్రతిసారీ ఒకే ఎత్తు నుంచి పడేలా చేసి, 1932లో ఆ పద్ధతిని వివరంగా ప్రచురించాడు. ఈ రోజు ఎస్వీ యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీలో సివిల్ విద్యార్థి ల్యాబులో తిప్పే ఇత్తడి కప్పు ఆ వంశంలోదే.

నిజానికి ఒక ఘడియ ముందు ముద్దగా ఉన్న మట్టి తర్వాతి ఘడియలో ద్రవంగా మారిపోదు. మార్పు మెల్లమెల్లగా జరుగుతుంది. కాబట్టి ఈ అవధులు (లిమిట్లు) ప్రకృతిలో గీసి ఉన్న గీతలు కావు, అందరం కలిసి ఒప్పుకున్న గుర్తులు. అలాగని వాటికి అర్థం లేదనుకోకూడదు. లిక్విడ్ లిమిట్ దగ్గర దాదాపు అన్ని బంకమట్టుల బలమూ సుమారు 2 కిలోపాస్కల్ దగ్గరే ఉంటుంది. ప్లాస్టిక్ లిమిట్ దగ్గర అది దాదాపు వంద రెట్లు పెరుగుతుంది. అంటే పీఐ ఒక ప్రశ్నకు జవాబు: ఈ మట్టి బలం వంద రెట్లు పడిపోవడానికి ఎంత నీరు తాగాలి? గుర్తులు ఒప్పందం మీద నిలిచినవి కాబట్టే పద్ధతిని అణువంత కూడా మార్చకూడదు. పద్ధతి మారితే గుర్తు మారుతుంది, గుర్తు మారితే అంకెకు విలువ పోతుంది.

మట్టి నీటిని ఎంత పట్టుకుంటుందో నిర్ణయించేది అందులోని ఖనిజం. బంక రేణువులు 2 మైక్రాన్ల కంటే చిన్న పలకలు. వాటి ఉపరితలం మీద ఋణ విద్యుదావేశం ఉంటుంది, అది నీటిని అంటిపెట్టుకుంటుంది. కయోలినైట్ అనే ఖనిజంలో ఒక్క గ్రాము పలకల మొత్తం వైశాల్యం 10 నుంచి 20 చదరపు మీటర్లు. మాంట్‌మొరిల్లొనైట్‌లో అదే గ్రాముకు 800 చదరపు మీటర్ల దాకా పోతుంది, పైగా నీరు పలకల పొరల మధ్యకే దూరుతుంది. మొదటిది ఎక్కువగా ఎర్రమట్టిలో, రెండోది నల్లరేగడిలో. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో గ్రానైటు, నైస్ అనే రకం రాళ్లు చివికి ఏర్పడ్డ ఎర్రనేలలే ఎక్కువ. అందువల్ల మనది గట్టి నేల అనే ధీమా జనంలో ఉంది. కానీ చెరువు అడుగుల్లో, వంకల ఒడ్డున, పల్లపు మడి చేలల్లో బంక పేరుకుని ఉంటుంది. తిరుచానూరు చుట్టూ, రేణిగుంట దారిలో ఒకప్పటి పొలాలు ఇప్పుడు ప్లాట్లు. పక్క వీధిలో గరుసు ఎర్రమట్టి తగిలితే మీ ప్లాటులో కూడా అదే ఉంటుందనే హామీ లేదు.

ఇక పరీక్షలోకి వెళ్దాం. మన దేశంలో దీనికి ప్రమాణం ఐఎస్ 2720 అయిదో భాగం, 1985 నాటిది. మట్టిని నీడన ఆరబెట్టి, గడ్డలు చిదిపి, 425 మైక్రాన్ల జల్లెడ పడతారు. తొందరపడి ఓవెన్‌లో ఎండబెడితే కొన్ని మట్టుల స్వభావమే మారిపోతుంది. ముఖ్యంగా కుళ్లిన ఆకులూ వేర్లూ కలిసిన చెరువు మట్టిలో లిక్విడ్ లిమిట్ బాగా పడిపోతుంది. ఓవెన్‌లో ఎండబెట్టాక వచ్చిన అంకె, ఎండబెట్టక ముందు అంకెలో ముప్పావు వంతుకు కూడా రాకపోతే అది సేంద్రియ మట్టి అని గుర్తించే అమెరికా ప్రమాణం కూడా ఉంది.

జల్లెడ దిగిన మట్టి సుమారు 120 గ్రాములు తీసుకుని డిస్టిల్డ్ వాటర్ పోసి ముద్ద కలుపుతారు. బోరు నీళ్లు పనికిరావు. అందులో కరిగి ఉన్న లవణాలు బంక రేణువుల చుట్టూ ఉన్న నీటి పొరను మార్చేస్తాయి. బంక ఎక్కువున్న మట్టిని కలిపిన వెంటనే పరీక్షించకూడదు. తడిగుడ్డ కప్పి, గాలి చొరకుండా 24 గంటల దాకా నాననివ్వాలి. లేకపోతే ముద్ద పైకి తడిగా కనిపించినా లోపల చిన్న చిన్న గడ్డలు పొడిగానే ఉంటాయి. పని ఒత్తిడి ఉన్న ల్యాబుల్లో మొదట ఎగిరిపోయేది ఈ నానబెట్టే సమయమే.

నానిన ముద్దను కప్పులో పరిచి, లోతైన చోట ఒక సెంటీమీటరు మందం ఉండేలా కత్తితో సమం చేస్తారు. గాడి పనిముట్టుతో మధ్యలో ఒక్క లాగుతో గాడి తీస్తారు. గాడి అడుగున 2 మిల్లీమీటర్ల వెడల్పు, పైన 11, లోతు 8. ఆపై పిడిని సెకనుకు రెండు చుట్ల చొప్పున తిప్పుతారు. ప్రతి చుట్టుకూ కప్పు సరిగ్గా 10 మిల్లీమీటర్లు లేచి గట్టి రబ్బరు దిమ్మ మీద పడుతుంది. టక్, టక్, టక్. గాడి రెండు అంచులూ అడుగున మెల్లగా ఒకదానివైపు ఒకటి పాకుతాయి. 12 మిల్లీమీటర్ల పొడవున అవి కలిసిన క్షణాన ఆపి, ఎన్ని దెబ్బలైందో రాస్తారు. ఇక్కడ కన్ను చురుగ్గా ఉండాలి. అంచులు పారి కలవాలి. మట్టి మొత్తం కప్పు లోహం మీద జారి కలిస్తే ఆ దెబ్బల లెక్క చెల్లదు. ఇసుక పాలు ఎక్కువున్న మన ఎర్రమట్టిలో ఈ జారుడు తరచూ కనబడుతుంది.

కలిసిన చోట నుంచి కొంచెం మట్టి తీసి డబ్బాలో పెట్టి మూత బిగించి తూస్తారు. ఓవెన్‌లో 105 నుంచి 110 డిగ్రీల దగ్గర ఎండబెట్టి మళ్లీ తూస్తారు. డబ్బా 22.40 గ్రాములు, తడి మట్టితో 46.80, ఎండాక 39.60 అనుకోండి. నీరు 7.20, పొడి మట్టి 17.20, నీటి శాతం 41.9. ఇప్పుడు ఆ తడి మట్టిని తూచకుండా ఫ్యాను కింద మూత తీసి కాసేపు వదిలేశారు, 0.30 గ్రాముల నీరు ఆవిరైంది అనుకోండి. శాతం 40.1కి దిగింది. పిడికెడు కూడా లేని మట్టిలో చిటికెడు తేమ పోతే దాదాపు రెండు పాయింట్లు పోయినట్టు.

ఇలా నాలుగైనా ప్రయత్నాలు చేస్తారు, 15 నుంచి 35 దెబ్బల మధ్య పడేలా, పొడి వైపు నుంచి తడి వైపుకు నీరు పెంచుకుంటూ. 34 దెబ్బలకు 42.6 శాతం, 28కి 44.1, 21కి 46.4, 17కి 48.0 వచ్చాయనుకుందాం. దెబ్బలను లాగరిథమ్ స్కేలు మీద, నీటి శాతాన్ని మామూలు స్కేలు మీద పెడితే ఈ చుక్కలు సరళరేఖ మీద పడతాయి. 25 దెబ్బల దగ్గర ఆ రేఖ చూపే విలువ 45. అదే లిక్విడ్ లిమిట్. చుక్కల్లో ఒకటి రేఖకు దూరంగా పడితే దాన్ని సర్ది గీత గీయడం కాదు చేయాల్సింది, ఆ ప్రయత్నాన్ని మళ్లీ చేయాలి.

కప్పు అరుగుతుంది, దిమ్మకు గుంట పడుతుంది, ఎత్తు సర్దే మర వదులవుతుంది. కప్పు 10 బదులు 9 మిల్లీమీటర్లే లేస్తే దెబ్బ బలం తగ్గుతుంది, 25 దెబ్బలకు గాడి పూడాలంటే ఎక్కువ నీరు కావాలి, లిక్విడ్ లిమిట్ ఉన్నదానికన్నా ఎక్కువగా నమోదవుతుంది. ఈ గొడవలన్నీ తప్పించే మార్గం శంకువు పద్ధతి. 80 గ్రాముల బరువు, 30 డిగ్రీల మొన ఉన్న నున్నటి లోహపు శంకువును మట్టి ఉపరితలానికి తాకించి అయిదు సెకన్లు వదులుతారు. 20 మిల్లీమీటర్లు దిగే నీటి శాతమే లిక్విడ్ లిమిట్. ఇందులో చేతి ప్రభావం తక్కువ, ఇసుక మట్టి జారే సమస్య లేదు. మన ప్రమాణం కూడా దీన్ని ఒప్పుకుంటుంది. అయినా చాలా ల్యాబుల్లో ఇంకా కప్పే తిరుగుతోంది. ఎర్రనేలలున్న మన ప్రాంతంలో శంకువే మేలని నా గట్టి అభిప్రాయం.

ప్లాస్టిక్ లిమిట్‌కు యంత్రమే లేదు. ఒక గాజు పలక, ఒక 3 మిల్లీమీటర్ల కమ్మీ, ఒక మనిషి అరచేయి. అందుకే దీన్ని తేలిగ్గా తీసుకుంటారు. నా దృష్టిలో మొత్తం పరీక్షలో కష్టమైన భాగం ఇదే. 8 గ్రాముల ఉండ చేసుకుని గాజు పలక మీద వేళ్లతో ముందుకూ వెనక్కూ దొర్లిస్తారు. నిమిషానికి 80, 90 సార్లు. సన్నని జంతికలా సాగుతుంది. 3 మిల్లీమీటర్లకు చేరినా విరగలేదంటే ఇంకా తేమ ఎక్కువుందని అర్థం. దాన్ని మళ్లీ ముద్ద చేసి, పిసికి, మళ్లీ దొర్లించాలి. పిసికిన ప్రతిసారీ చేతి వేడికి కొంచెం తేమ పోతుంది. మట్టి క్రమంగా మొండికేస్తుంది, వేళ్లకు అంటుకోవడం మానేస్తుంది, దొర్లించడానికి బలం పెట్టాలి. చివరికి సరిగ్గా 3 మిల్లీమీటర్ల దగ్గర తీగ ఒళ్లంతా పగుళ్లు తేలి ముక్కలు ముక్కలవుతుంది. ఆ ముక్కలను అప్పటికప్పుడు డబ్బాలో వేసి మూత పెట్టాలి. ఇలా మూడుసార్లు చేసి సగటు తీస్తారు.

తప్పు ఎక్కడ జరుగుతుందంటే, తీగ మొదటిసారి 3 మిల్లీమీటర్లకు రాగానే ‘అయిపోయింది’ అని డబ్బాలో వేసేయడం దగ్గర. అది విరగలేదు, అంటే ఇంకా తడిగానే ఉంది. ప్లాస్టిక్ లిమిట్ ఎక్కువగా నమోదవుతుంది. దానికి వ్యతిరేకంగా, తీగ 5 మిల్లీమీటర్ల దగ్గరే విరిగిపోతే మట్టి అప్పటికే అవధి దాటి ఎండిపోయినట్టు, ఆ అంకె తక్కువ వస్తుంది. ఎంత పిసికినా తీగలా సాగని మట్టి ఉంటుంది, సన్న ఇసుక, ఒండ్రు లాంటిది. దానికి ఏదో ఒక అంకె పుట్టించకుండా ‘నాన్ ప్లాస్టిక్’ అని రాయాలి.

రెండు పరీక్షల్లోనూ జరిగే చిన్న తప్పులు పీఐలో కలిసి కూర్చుంటాయి, ఎందుకంటే పీఐ అంటే ఎల్‌ఎల్ నుంచి పీఎల్ తీసేయగా మిగిలేది. ఎల్‌ఎల్ 45, పీఎల్ 21 అయితే పీఐ 24. వర్గీకరణ చార్టులో ‘ఎ’ లైన్ అనే ఏటవాలు గీత ఉంటుంది. పీఐ ఆ గీతకు పైన పడితే బంకమట్టి, కింద పడితే ఒండ్రుమట్టి. ఎల్‌ఎల్ నుంచి 20 తీసి 0.73తో గుణిస్తే ఆ గీత ఎత్తు వస్తుంది. మన మట్టికి అది 18.25. పీఐ 24 దానికి పైనే ఉంది కాబట్టి ఐఎస్ 1498 ప్రకారం ఇది సీఐ, అంటే మధ్యరకం ప్లాస్టిసిటీ ఉన్న బంకమట్టి. ఎల్‌ఎల్ 35 లోపు తక్కువ రకం, 35 నుంచి 50 మధ్యరకం, 50 దాటితే ఎక్కువ రకం. ఇప్పుడు అదే మట్టికి నానబెట్టడంలో తొందరపడి, డబ్బా ఆరనిచ్చి ఎల్‌ఎల్ 42 అని, తీగ విరగకముందే ఆపి పీఎల్ 26 అని రాశారనుకోండి. పీఐ 16. గీత ఎత్తు 16.06. బంకమట్టి కాస్తా కాగితం మీద ఒండ్రుమట్టి అయిపోయింది, ఎంఐ. ఒక్కో తప్పు మూడు నుంచి అయిదు పాయింట్లే, మట్టి పేరే మారింది. దాన్ని చూసి ఉబ్బే గుణం లేదనుకుని పునాది లోతు తగ్గించేవాళ్లు ఉంటారు.

మూడో అవధి ష్రింకేజ్ లిమిట్. తడిమట్టి ఎండుతూ కుంచించుకుపోతుంది. ఒక దశ తర్వాత నీరు పోతున్నా పరిమాణం తగ్గదు, ఆ నీటి శాతమే ఇది. చిన్న గిన్నెలో ఎండబెట్టిన మట్టి బిళ్ల పరిమాణాన్ని పాతకాలపు పద్ధతిలో పాదరసంలో ముంచి కొలుస్తారు. పాదరసం ఆవిరి విషం. గాలి ఆడని గదిలో, చేతొడుగులు లేకుండా విద్యార్థుల చేత ఈ పని చేయించకూడదు. బిళ్లకు మైనం పూసి నీటిలో తూచే పద్ధతి ఉంది, అది చాలు.

తిరుపతికి ఈ అవధి ఎందుకు ముఖ్యమంటే మన ఏడాదికి రెండు కొసలున్నాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వాన, ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటే ఎండ. పై పొర మట్టి ఏటా తడిసి ఉబ్బుతుంది, ఎండి కుంగుతుంది. ఇంటి నడిమధ్య నేల తేమ పెద్దగా మారదు, అంచుల కింద మారుతుంది. పగుళ్లు మూలల్లో మొదలయ్యేది అందుకే. పీఐ ఎక్కువుండి ష్రింకేజ్ లిమిట్ తక్కువుంటే ఈ ఊగిసలాట పెద్దది. అనుమానం తీరాలంటే ఫ్రీ స్వెల్ ఇండెక్స్ అడగండి. చాలా చవకైన పరీక్ష అది. 10 గ్రాముల పొడి మట్టి ఒక కొలజాడీలో నీళ్లలో, మరో 10 గ్రాములు కిరోసిన్‌లో. 24 గంటలాగి చూస్తే కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు, నీళ్లలో ఎంత ఉబ్బిందో పక్కపక్కనే కంటికి కనిపిస్తుంది. తేడా 50 శాతం దాటితే జాగ్రత్తపడాలి, వంద దాటితే మామూలు పునాది ఆలోచన మానుకోవాలి.

ఈ అంకెలు చెప్పనివీ ఉన్నాయి. పరీక్షకు వెళ్లేది 425 మైక్రాన్ల జల్లెడ దిగిన భాగమే. శేషాచలం కొండ పాదాల దగ్గర తవ్వితే వచ్చే మట్టిలో గరుసు, రాతిముక్కలు సగానికి పైగా ఉండవచ్చు. ఆ మట్టిలో బంక భాగానికి ఎల్‌ఎల్ 50 వచ్చినా నేల మొత్తం బంకలా ప్రవర్తించదు, గరుసు రాళ్లు ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడతాయి. రిపోర్టులో జల్లెడ విశ్లేషణ పక్కన పెట్టుకోకుండా ఎల్‌ఎల్ ఒక్కటే చదివితే అనవసరంగా భయపడతారు. పైగా పరీక్షలో మట్టిని పిసికి దాని సహజ అల్లికను చెరిపేస్తారు. నేల లోపల అది ఎంత గట్టిగా ఉందో తెలియాలంటే అక్కడి సహజ తేమ కావాలి. తేమ ప్లాస్టిక్ లిమిట్ దగ్గరో, దాని కిందో ఉంటే మట్టి గట్టిగా ఉంది. లిక్విడ్ లిమిట్‌కు చేరువగా ఉంటే కాలు పెడితే దిగబడే స్థితి. మే నెలలో తీసిన నమూనా తేమను చూసి నవంబరు గురించి నిశ్చింతగా ఉండలేం.

ఒకే అంకె ఒకచోట దోషం, మరోచోట గుణం. రోడ్డు అడుగున వేసే కంకర పొరలో సన్నమట్టికి ఎల్‌ఎల్ 25, పీఐ 6 దాటకూడదని కేంద్ర రహదారుల శాఖ నిబంధన, ఎందుకంటే అక్కడ నీరు నిలవకుండా దిగిపోవాలి. చెరువు కట్ట నడుమ భాగానికి దానికి పూర్తిగా విరుద్ధం, నీరు దిగకుండా ఆపేందుకు ప్లాస్టిసిటీ ఉన్న మట్టే కావాలి. 2021 నవంబరు వానలకు తిరుపతి దగ్గర రాయలచెరువు కట్ట నుంచి నీరు ఊరినప్పుడు దిగువ ఊళ్లవాళ్లను ఖాళీ చేయించిన సంగతి జిల్లావాళ్లకు గుర్తే. మరమ్మతుకు ఎక్కడి మట్టి దగ్గరుంటే అది తెచ్చి కట్టమీద పోసేముందు ఈ రెండు పరీక్షలు చేయడానికి పట్టేది రెండు మూడు రోజులే. అలాగే ప్లాస్టిసిటీ మరీ ఎక్కువున్న రేగడి కూడా కట్ట పైభాగానికి మంచిది కాదు, ఎండకు నెర్రెలిచ్చి తర్వాతి వానకు నీటికి దారి ఇస్తుంది.

మీ ప్లాటులో ఎక్కువ పీఐ ఉన్న మట్టే తగిలితే దారులున్నాయి. పై పొర తీసేసి ఉబ్బని ఎర్ర గరుసు మట్టి పొరలు పొరలుగా దిమ్మిస కొట్టడం ఒకటి. తేమ మారని లోతుకు దిగి, కింద ఉబ్బెత్తు గడ్డ ఉండే కాంక్రీటు స్తంభాలు, అంటే అండర్ రీమ్డ్ పైల్స్ వేయడం మరొకటి. మన నల్లరేగడి నేలల కోసమే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ దీన్ని అభివృద్ధి చేసింది. మూడోది సున్నం. మట్టి బరువులో నూటికి మూడు నుంచి ఆరు పాళ్లు సున్నం కలిపితే కాల్షియం అయాన్లు బంక పలకల మీద చేరి నీటి పొరను కుదిస్తాయి. ప్లాస్టిక్ లిమిట్ పైకి లేస్తుంది, పీఐ దిగుతుంది. ఎన్ని పాళ్లు చాలునో మీ మట్టికే తెలుసు: 2, 4, 6 పాళ్లు కలిపిన మూడు ముద్దలు నానబెట్టి, మళ్లీ అదే కప్పు, అదే గాజు పలక. ఏ పాలు దగ్గర పీఐ ఇక తగ్గడం ఆగిందో అంతకు మించి సున్నం కొనక్కర్లేదు.